మా ఇంట్లో బయల్దేరే మాటలు

సండూరు కొండల దగ్గర తారానగర్‌లో నేను లెక్కలు చెప్పే బడికి వెనకవైపు గోడ పొట్టిది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకరిద్దరు పిల్లలు దాన్ని దూకేస్తారు. హాజరు పిలుస్తుంటే ఆ పేర్ల దగ్గర జవాబు రాదు. వెనక బెంచీలోంచి ఎవరో తల వంచుకుని "జూట్, మిస్" అంటారు. పారిపోయాడని అర్థం. కన్నడం మాట్లాడే పిల్లలూ అదే అంటారు, తెలుగు పిల్లలూ అదే అంటారు. నేను పైకి కళ్ళెర్రజేస్తాను. లోపల మాత్రం ఈ మాట మా నాయనకు తెలిసి ఉంటుందా అని ఆలోచనలో పడతాను. తెలిసే ఉంటుంది. ఉన్నచోటి నుంచి కదలడానికి ఈ చుట్టుపక్కల ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆయనకు వచ్చు.

మా నాయన బళ్ళారి నుంచి కురుగోడు మీదుగా కాలువ కింది ఊళ్ళకు పోయే బస్సులో కండక్టరు. రిటైరయ్యేదాకా ఇంచుమించు అదే రూటు. ఆ బస్సులో తెలుగు, కన్నడం, దఖ్నీ ఉర్దూ ఒకే సీటులో ఇరుక్కుని కూర్చునేవి. దిగేటప్పటికి ఏది ఎవరిదో తెలిసేది కాదు. మా నాయన ఆ మూడింటిలోంచీ తనకు నచ్చినవి ఏరుకుని ఇంటికి తెచ్చేవాడు. ఇతర నాయనలు సాయంత్రం మైసూర్‌పాకో బొరుగులో తెస్తే మాకు ఈ మాటలు వచ్చేవి. అప్పుడప్పుడు బొరుగులు కూడా వచ్చేవి, అబద్ధం చెప్పకూడదు.

ఆయన దగ్గర ఒక్కో పోకకు ఒక్కో మాట ఉండేది. పెళ్ళిలో భోజనం చేసి చెయ్యి కడుక్కోగానే "ఇంక జాగా ఖాలీ చేద్దామా" అనేవాడు. పేటలో డేరా వేసి కొన్నాళ్ళు బొమ్మలమ్మి వెళ్ళినవాడు బిచాణా ఎత్తినాడు. డిపోలో పనికి చేరి మర్నాడే రానివాడు చెక్కేసినాడు. చందా అడగడానికి నలుగురు వస్తున్నారని తెలిసి పెరటి దారిన పోయినవాడు జారుకున్నాడు. కుక్క వెంటబడినవాడు కాలికి బుద్ధి చెప్పినాడు. ఆయన బస్సు నడిపే డ్రైవరు ఇంట్లో దఖ్నీ మాట్లాడేవాడు, ఆయన్ని మేము డ్రైవరు మామ అనేవాళ్ళం. ఆయన నుంచి "నౌ దో గ్యారా" వచ్చింది, తొమ్మిదీ రెండూ పదకొండు, అంటే ఉడాయించడం. ఒకరి మాట ఇంకొకరికి వాడితే నాయన ఒప్పుకునేవాడు కాదు. మా తమ్ముడు ఒకసారి గుడి పూజారి చెక్కేసినాడు అన్నాడు. ఆ మాట ఆయనకు తగదని, ఆయన మర్యాదగా బయల్దేరినాడని నాయన సరిదిద్దాడు. చదువు విషయంలో అంత పట్టింపు ఎప్పుడూ చూపలేదు.

వీటన్నింటిలోకీ ఆయనకు ప్రాణమైనది కంబి పీకడం. కన్నడంలో ఎవరైనా పలాయనం చిత్తగిస్తే "కంబి కిత్త" అంటారు. ఇనుపచువ్వ పెరికాడని. ఎందుకలా అంటారో నేను చాలామందిని అడిగాను, ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. నాయన దాన్ని సగం తెలుగు చేసి "కంబి పీకుదామా" అనేవాడు. పెళ్ళిళ్ళలో, నామకరణాల్లో, మీటింగుల్లో, ఎవరి పక్కన కూర్చున్నా కాసేపటికి వాళ్ళ చెవిలో ఈ మాట పడేది. మా అమ్మకు ఒళ్ళు మండేది.

"ఎవరి కంబి? ఎక్కడ పాతారు? మనం ఎందుకు పీకాలి?" అనేది అమ్మ.

"నువ్వు లేస్తే కదా చూపించేది, పా," అనేవాడు ఆయన.

బస్టాండు మాటలు చెప్పులతోపాటు గడప బయటే విడిచి రమ్మని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఆయన చెప్పులు మాత్రం విడిచి వచ్చేవాడు.

ఒక్క పోకకు మాత్రం ఆయన దగ్గర ఎకసెక్కపు మాట లేదు. వానలు మొహం చాటేసిన ఏడు, మెట్టపొలాల్లో కూలి చేసుకునే సంసారాలు బెంగళూరు వైపు పనికి పోతాయి. దాన్ని ఇక్కడ గుళే పోవడం అంటారు. గిన్నెలు, చాపలు, చుట్టిన కంబళ్ళు, చంకలో పసిపిల్ల, వీటితో వాళ్ళు నాయన బస్సెక్కి బళ్ళారిలో దిగి రైలుకు పోయేవాళ్ళు. సెలవుల్లో నేను ఆ బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చుని చాలాసార్లు చూశాను. మామూలుగా బస్సు కదలాలంటే ఆయన రేకు మీద టపటపా తట్టి "రైట్" అని అరిచేవాడు. ఆ అరుపు కురుగోడు సంతలో ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపించేది. గుళే సంసారాలు ఎక్కిన రోజు అరిచేవాడు కాదు. రేకు మీద మెల్లగా తట్టేవాడు, అంతే. ఎందుకని అడిగితే, "వాళ్ళకు యాడ రైటుండాది లే" అన్నాడు. తర్వాత టికెట్లు చింపుకుంటూ ముందుకు పోయాడు.

మా అమ్మది క్యాంపు. తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా నుంచి రైతులు వచ్చి ఇక్కడ భూములు కొని, వరి వేసి, కట్టుకున్న ఊళ్ళను క్యాంపులంటారు. మా తాతయ్య అలా వచ్చినవాడే. క్యాంపులో తెలుగు వేరు. మేము "పోయొస్తా" అంటే వాళ్ళు "వెళ్ళొస్తాను" అంటారు, చివర "అండీ" తగిలిస్తారు. మర్యాద వాళ్ళింట్లో పాలూ పెరుగూలా ఎప్పుడూ ఉండేది. అమ్మ కుట్టుపని నేర్చుకోవడానికి కురుగోడుకు వచ్చి పోయే రోజుల్లో నాయన ఆ బస్సులోనే ఉండేవాడు. క్యాంపు రాగానే ఆమె మెట్టు దిగి, వెనక్కి తిరిగి, కండక్టరుకు "వెళ్ళొస్తానండీ" అని చెప్పేదట. ఆ రూటులో కండక్టరుకు చెప్పి దిగిన మనిషి అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. మొదటిసారి ఆయన నోట్లోంచి "రైట్" రాలేదని, బస్సు ఆగినచోటే ఉండిపోయిందని, ఏమైందని తాను వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చిందని డ్రైవరు మామ మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. తర్వాత క్యాంపువాళ్ళూ పేటవాళ్ళూ ఒప్పుకోవడానికి పెద్ద రభసే జరిగింది. అది వేరే కథ.

అమ్మ చెయ్యలేని పని ఒకటే, గబుక్కున బయల్దేరడం. నాయన చెయ్యలేని పని ఒకటే, బయల్దేరడానికి టైము తీసుకోవడం. ఈ ఇద్దరూ కలిసి క్యాంపుకు పోయినప్పుడల్లా తిరుగు ప్రయాణం ఒక తమాషా. అమ్మమ్మ దగ్గర వంటింట్లో ఒకసారి వెళ్ళొస్తానని చెప్పాలి. అప్పుడు అమ్మమ్మకు ములక్కాడలు గుర్తొచ్చేవి. అవి కోసి కట్టాక వసారాలో తాతయ్యకు చెప్పాలి. ఆయన కాలువనీళ్ళ సంగతి ఎత్తుకునేవాడు. బొట్టు పెట్టించుకుని గేటు దాకా వచ్చాక పక్కింటివాళ్ళు బయటికి వచ్చేవాళ్ళు, వాళ్ళకు చెప్పకపోతే బాగుండదు. రోడ్డెక్కాక అమ్మమ్మ పచ్చడి జాడీ మరిచిపోయామని పరిగెత్తుకొచ్చేది, మళ్ళీ మొదటి నుంచి. ఇదంతా జరుగుతున్నంతసేపూ నాయన ఎక్కడున్నాడంటే, ఎప్పుడో లేచి కాలువగట్టు దాటి బస్సు ఆగేచోట చింతచెట్టు కింద నిలబడి ఉండేవాడు. అత్తగారికి గానీ మామగారికి గానీ ఒక్కమాట చెప్పేవాడు కాదు. మొదట్లో వాళ్ళు నొచ్చుకున్నారు. పోనుపోను అలవాటైపోయింది. గట్టు మీద నుంచి "రైట్" అని కేక వినిపించగానే అమ్మమ్మ నవ్వి, "అల్లుడుగారు గంట కొట్టేశారు, ఇక పదండి" అనేది.

ఎందుకు చెప్పకుండా వచ్చేస్తారని అమ్మ అడిగితే ఆయన ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పేవాడు. రోజుకు అంతమందిని పంపిస్తాను కదా, ఇంక ఇంట్లో కూడానా అనేవాడు. మరోసారి, చెప్తే వాళ్ళు ఉండమంటారు, ఉండమంటే ఉండబుద్ధయితాది అన్నాడు. అది నిజమేమోనని నాకనిపించింది. అమ్మకు అనిపించలేదు.

నా పెళ్ళిలో అప్పగింతల వేళకు ఆయన కనపడలేదు. కల్యాణమంటపం నిండా జనం. అమ్మ ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను, మాతో ఏ సంబంధమూ లేని మనుషులు కూడా ఏడుస్తున్నారు. పురోహితుడు తండ్రిని రమ్మని పిలుస్తున్నాడు. తండ్రి లేడు. తమ్ముడు వెతికి వచ్చి, వంటశాల వెనక డ్రైవరు మామతో టీ తాగుతున్నాడని నా చెవిలో చెప్పాడు. నాకు ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. ఈ ఒక్కరోజైనా కంబి పీకకుండా ఉండలేడా అనుకున్నాను. చివరికి ఆయన లేకుండానే నా చేతులు పాలల్లో ముంచి అప్పగించేశారు. కారెక్కి కూర్చున్నాను. సండూరు వైపు పోవాలి, చీకటి పడకముందే చేరాలని మగపెళ్ళివారు తొందరపెడుతున్నారు. అప్పుడు జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. నా మొహం వైపు చూడలేదు. కారు మీద టపటపా తట్టి "రైట్" అన్నాడు. గొంతు బొత్తిగా పలకలేదు. ఆ డ్రైవరుకు వినపడిందో లేదో, కారు మాత్రం కదిలింది. సండూరు కొండలు కనపడేదాకా నేను ఆ గొంతునే తలుచుకుంటూ కూర్చున్నాను. కోపం ఎటు పోయిందో తెలియదు.

ఆయన పోయింది ఈ మధ్యనే. మధ్యాహ్నం అన్నం తిని, మంచం మీద వాలి, మళ్ళీ లేవలేదు. అమ్మ పక్కగదిలో రవికకు హుక్కులు కుడుతోంది. టీ పెట్టి పిలవడానికి పోయి చూసుకుంది. చెప్పకుండానే పోయినాడు, ఆయనెప్పుడూ అంతే కదప్పా అని వచ్చినవాళ్ళంతా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి అన్నారు. ఒక్కరు అంటే నేనూ తలూపేదాన్ని. అందరూ అదే అంటుంటే నాకు చిరాకెత్తింది. మనిషి ఇన్నేళ్ళు బతికితే జనానికి గుర్తుండేది ఒక్క సంగతేనా?

బళ్ళారి సత్యనారాయణపేటలో మాది మూడు గదుల ఇల్లు. తమ్ముడూ మరదలూ అమ్మతోనే ఉంటారు. నేను సెలవు పెట్టి వచ్చాను. నాయనకు అక్క, మా మేనత్త, ఆ రోజునుంచి ఇంటి పెద్దరికం తీసుకుంది. ఏ పూట ఏం వండాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు, అన్నీ ఆమె చెప్పాల్సిందే. మొదటి సాయంత్రమే నన్నూ మరదల్నీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. చావు ఇంటికి వచ్చినవాళ్ళు పోయేటప్పుడు చెప్పి పోకూడదు. పోయొస్తాం అంటే ఇలాంటి పనికి ఈ ఇంటికి మళ్ళీ వస్తామని పిలుచుకున్నట్టు. మనమూ రండి అనకూడదు, వాకిలి దాకా పోయి సాగనంపకూడదు. వాళ్ళు లేస్తారు, పోతారు, మనం చూడనట్టే ఉండాలి. ఇది నాకు తెలియంది కాదు. ఎన్ని ఇళ్ళకు పోయి నేనూ అలా మాట లేకుండా లేచి రాలేదు? కానీ మన ఇంట్లో, రోజూ, రోజంతా జరుగుతుంటే అది ఎట్లుంటుందో నాకు తెలియదు.

జనం వచ్చేవారు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవారు. నాయన బస్సులో తిరిగినవాళ్ళు, డిపోవాళ్ళు, పేటవాళ్ళు, క్యాంపు నుంచి అమ్మ తరఫువాళ్ళు. కాసేపు ఆయన మాటలు చెప్పుకునేవారు. తర్వాత చూస్తే కుర్చీ ఖాళీగా ఉండేది. ఎప్పుడు లేచారో తెలియదు. టీ తెచ్చేసరికి తాగాల్సిన మనిషి ఉండేవాడు కాదు. పెద్దగదిలో మూల గోడకానుకుని అమ్మ కూర్చుని ఉండేది. తన దగ్గరికి వచ్చిన ఏ మనిషినీ గేటు దాకా పోకుండా పంపని మనిషి ఆమె. పాలవాడికి కూడా "జాగ్రత్తగా వెళ్ళు బాబూ" అని చెప్పేది. ఆమె కళ్ళ ముందు ఒక్కొక్కరూ మాట లేకుండా మాయమవుతుంటే చూస్తూ కూర్చుంది.

అమ్మ మాట్లాడ్డం మానేసింది. ఏడవడం కూడా మొదటి రోజుతోనే ఆగిపోయింది. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని పళ్ళెం పక్కకు జరిపేది. ఏమైనా అడిగితే తలూపేది, లేదంటే అదీ లేదు. డాక్టరు వచ్చి నాడి చూసి ఏమీ లేదన్నాడు, టైం ఇవ్వండి అన్నాడు. అత్త కూడా అదే అంది, దుఃఖం కడుపులో ఉండాది, దానంతటది బయటికి వస్తాది అని. తమ్ముడు రాత్రీ పగలూ ఆమె పక్కనే ఉన్నాడు. నాకు భయం వేసింది. నా సెలవు అయిపోవస్తోంది. ఆమె గొంతు వినకుండా తారానగర్ పోవాల్సి వస్తే ఎట్లా అన్నదొక్కటే నాకు లోకంలో మిగిలిన బాధ. నాయన ఎలాగూ లేడు. అమ్మ ఉండి కూడా లేకుండా పోతోందని నాకనిపించింది.

ఒకరోజు పొద్దున డ్రైవరు మామ వచ్చాడు. ముందే వచ్చిపోయాడు, కానీ ఆ రోజు ఒంటరిగా వచ్చి, అమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళు నొప్పులని చాలాసేపు రుద్దుకున్నాడు. పాత బస్సుల సంగతులు, ఒకసారి వానలో కాలువగట్టు మీద బండి దిగబడితే నాయన జనాన్నంతా దింపి పాట పాడిస్తూ తోయించిన సంగతి చెప్పాడు. అమ్మ విన్నదో లేదో తెలియదు, కళ్ళు నేలమీదే ఉన్నాయి. చివరికి ఆయన కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోంచి ఒక్కలాగే బయల్దేరిన మనిషి. నోరు దానంతటదే పలికేసింది.

"రైట్ భాభీ, పోయొస్తా."

అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. అత్త మొహం మాడిపోయింది. మరదలు గోడ వైపు తిరిగింది. పాపం, ఆ ముసలాయన చెంపలు వేసుకుని, తప్పయిపోయిందని సైగ చేస్తూ, చెప్పుల్లో కాలు సరిగ్గా పెట్టకుండానే వాకిలి దాటాడు. నేను అమ్మను చూశాను. ఆమె తల ఎత్తింది. ఆయన పోయే వైపు చూసింది. గేటు దాటి, వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూస్తూనే ఉంది. పెదాలు కదిలినట్టనిపించింది. మాట రాలేదు. మళ్ళీ తల వంచేసింది.

సాయంత్రం తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచి, చూసినావా అని అడిగాను. చూసినానన్నాడు. అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. అమ్మకు మాట పోలేదు. ఆమెను ఎవరూ పలకరించి పోవడం లేదు, ఆమె ఎవరికీ జవాబు చెప్పాల్సిన అవసరం రావడం లేదు. ఏళ్ళ తరబడి చేసిన పని చేతుల్లోంచి లాగేసుకున్నాక ఏం చెయ్యాలో తెలియక కూర్చుంది.

పెద్దకర్మ అయింది. మర్నాడు పొద్దునే నేను పోవాలి. రాత్రి సంచి సర్దుకుంటుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. "మీ అమ్మకు చెప్పొద్దు నువ్వు. లేచి, సంచి ఎత్తుకుని, పో. వెనక్కి చూడొద్దు," అంది.

"మా అమ్మకు చెప్పకుండా పోవాల్నా?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "వాళ్ళూ వీళ్ళూ అంటే సరే. నేను కూతుర్ని."

"కూతురైతే ఏంది. ఆ మాట ఈ ఇంట్లో ఇప్పుడు అనగూడదు. ఈ ఒక్కసారి విను తల్లీ." అత్త చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంది. "ఇంకొకరు పోతే నేను తట్టుకోలేను."

నేను ఇంకేదో అనబోయి ఆగాను. ఆమె తమ్ముణ్ణి పోగొట్టుకుని కూర్చున్న మనిషి. చిన్నప్పుడు ఆయన్ని చంకలో వేసుకుని తిప్పింది ఆమే. అంతవరకూ నా కోపం ఆమె కట్టుబాట్ల మీద ఉందనుకున్నాను, ఆ క్షణాన అదెక్కడా కనపడలేదు. సరే అత్తా అన్నాను.

పొద్దున తమ్ముడు వీధి చివరికి పోయి ఆటో పిలుచుకొచ్చాడు. గేటు ముందు ఆగింది. నేను సంచి భుజానికి వేసుకుని పెద్దగది గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ ఎప్పటిలాగే గోడకానుకుని ఉంది. ఆమె చూపు నా మొహం మీదికి వచ్చింది, సంచి మీదికి దిగింది, మళ్ళీ మొహం మీదికి వచ్చింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే పెట్టుకుని బయటికి నడిచాను. నడుస్తుంటే, మా నాయన జీవితమంతా ఇంత కష్టమైన పని ఎట్లా చేశాడా అని ఆశ్చర్యమేసింది. ఆయనకు సులువని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ఆటోలో కూర్చున్నాను. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. తమ్ముడు గేటు పట్టుకుని నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. ఆటో అతను స్టార్టు చేసే మీట లాగబోయి ఆగి, నా వెనక వైపు చూశాడు.

అమ్మ వస్తోంది. తడబడుతూ వసారా మెట్లు దిగుతోంది. ఆమె ఇప్పుడప్పుడే గడప దాటకూడదు, వాకిలి అసలు దాటకూడదు. అత్త ఆమె వెనకే గుమ్మం దాకా వచ్చింది, చెయ్యి చాపింది, ఏమనుకుందో ఏమో, ఆ చెయ్యి గుమ్మానికి ఆనించి అక్కడే ఆగిపోయింది. తమ్ముడు గేటు తెరిచాడు. అమ్మ ఆటో దాకా వచ్చి పైకప్పు కడ్డీ పట్టుకుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. గొంతు సవరించుకుంది. చాలారోజులు వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"ఏమ్మా, కంబి పీకేస్తున్నావా?"

క్యాంపు తెలుగులో ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. నలభై ఏళ్ళు గడప లోపలికి రానివ్వని మాటను ఆమె తన యాసలో, మర్యాదగా, సరిగ్గా సమయానికి వాడింది. నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పోయొస్తామ్మా," అన్నాను. అనకూడదు. అత్త వింటోంది. అయినా అన్నాను.

"రా. ఆదివారం రా," అంది అమ్మ. "మీ కొండల్లో సీతాఫలాలు వచ్చుంటాయిగా. ఒట్టిచేతులతో రాకు. తినాలనుంది."

సరేనని తలూపాను. ఆటో అతను ఇంజను స్టార్టు చేసి, ఇంక పోవచ్చా అన్నట్టు అమ్మ వైపు చూశాడు. గుమ్మంలో అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, వద్దని మాత్రం అనలేదు. అమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. అరచేత్తో ఆటో మీద టపటపా తట్టింది.

"రైట్," అంది.

ఆటో కదిలింది.